ఆ 480 జీబీ ఎస్‌ఎస్‌డీల గురించి మా కస్టమర్లకి

మొన్నటి వినాయక చవితి మొదలు నాగుల చవితి దాకా మా అమలాపురం లాప్‌టాప్ రిపేర్ షాపులో పాత హార్డ్ డిస్క్ తీయించి 480 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు చిప్‌ల మీద డేటా దాచే వేగమైన డ్రైవ్) వేయించుకున్న వాళ్లందరికీ ఈ మాట. ఆ రోజుల్లో నాకు వచ్చిన లాట్ మంచిది కాదు. కొన్ని డ్రైవ్‌లు ఇప్పటికే పోయాయి, లాప్‌టాప్‌లు లోగో దగ్గరే ఆగిపోయాయి. మీది ఇవాళ బాగానే ఆన్ అవుతున్నా సరే, ముందు మీ ఫైళ్లన్నీ వేరే చోట కాపీ చేసుకోండి. తర్వాత షాపుకి తీసుకురండి. డ్రైవ్ మార్చి ఇస్తాను, రూపాయి అక్కర్లేదు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేసింది కదా. ఆ హడావిడిలో విండోస్ 11 ఎక్కించుకుని, హార్డ్ డిస్క్ మీద అది నత్తనడక నడుస్తోందని చాలామంది ఎస్‌ఎస్‌డీకి మారారు. అందుకే ఈ లాట్ అంత తొందరగా అయిపోయింది.

మొదట వచ్చింది ఒక ఫొటో స్టూడియో వారి లాప్‌టాప్. లైటు వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, కంపెనీ లోగో వస్తోంది, ఆ తర్వాత నల్ల తెర మీద బూట్ డివైస్ లేదని ఒక లైను. కనెక్టర్ వదులైందేమోనని తీసి పెట్టాను. బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్లి చూస్తే డ్రైవ్ ఉంది గాని పేరు మారిపోయింది. డబ్బా మీదున్న కంపెనీ పేరు పోయి ‘సాటాఫర్మ్ ఎస్11’ అని ఉంది. మా పనిలో ఉన్నవాళ్లకి ఈ పేరు కనపడితే గుండె జారిపోతుంది. ఒక రకం చవక కంట్రోలర్ (డ్రైవ్‌ని నడిపించే చిప్) వేసిన డ్రైవ్‌లలో, ఆ కంట్రోలర్ తన ఫర్మ్‌వేర్‌ని, అంటే తనని నడిపించే ప్రోగ్రామ్‌ని తనే చదువుకోలేకపోతే ఇలా చూపిస్తుంది. ఒకటి పోయిందంటే సరే, ఏ కంపెనీ సరుకులోనైనా ఒకటీ అరా పోతాయి. కానీ వారం తిరక్కుండా ముమ్మిడివరం నుంచి ఒకటి, రాజోలు నుంచి ఒకటి అదే పేరు మోసుకుని వచ్చాయి.

అప్పుడు షాపులో సీలు తీయకుండా మిగిలిన డ్రైవ్ ఒకటి విప్పాను. పెట్టె కొత్తది, స్టిక్కర్ కొత్తది. లోపల మెమరీ చిప్‌ల చుట్టూ టంకం వేసేటప్పుడు పూసే ఫ్లక్స్ పాత మరకలు, ఒక చిప్ మీద అక్షరాలు గీకేసి ఉన్నాయి. ఎక్కడో వాడేసిన డ్రైవ్‌ల నుంచి ఊడదీసి మళ్లీ అంటించారన్నమాట. ఎన్ని గంటలు నడిచిందో చూపించే సాఫ్ట్‌వేర్‌లో మాత్రం సున్నా. ఆ లెక్క చెరిపేయడం చేతనైనవాళ్లు ఉన్నారు. నేను బిగించిన ప్రతి డ్రైవ్‌కీ ఆ గంటలు చూసే బిగించాను, అన్నీ సున్నాయే చూపించాయి. డ్రైవ్ నిండా డేటా రాయించి మొత్తం తిరిగి చదివించే టెస్ట్ పెడితే, సగం దాటాక తప్పులు వరసగా బయటపడ్డాయి.

ఇక సరుకు ఇచ్చినాయన సంగతి. విజయవాడలో హోల్‌సేలర్. పేరు రాయను. షాపు తెరిచిన రోజు నుంచీ ఆయన దగ్గరే కొంటున్నాను. వాళ్లమ్మాయి పెళ్లికి ఇక్కడి నుంచి కొబ్బరి బొండాలు లోడు వేయించి పంపినవాణ్ణి. ఫోన్ చేస్తే మొదట అన్నమాట ఇది: “మీది సముద్రం పక్క ఊరు కదండీ, ఉప్పు గాలికి బోర్డులు పోతాయి.”

ఉప్పు గాలి సంగతి ఆయన నాకు చెప్పాలా! అంతర్వేది వైపు నుంచీ ఓడలరేవు వైపు నుంచీ వచ్చే లాప్‌టాప్‌లు విప్పితే ర్యామ్ స్లాట్‌లో, కీబోర్డు కనెక్టర్ మీద, చార్జింగ్ పిన్ను దగ్గర పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. రొయ్యల చెరువు గట్టు మీద షెడ్లలో వాడేవైతే ఇంకా ఘోరం. బ్రష్ పట్టుకుని వాటిని కడగడంతోనే నా వేళ్లు అరిగాయి. ఉప్పు గాలి చిలుము పట్టిస్తుంది గాని చిప్ మీద అక్షరాలు గీకదు. పైగా నేను విప్పింది సీలు తీయని డ్రైవ్ అని చెప్తే, మాట మార్చి ఓల్టేజ్ అన్నారు. మన గోడ ప్లగ్గులో 180 ఉన్నా 230 ఉన్నా అడాప్టర్ సర్దుకుంటుంది. ఈ రకం డ్రైవ్‌కి అందేది బోర్డు మీద తయారయ్యే 5 ఓల్టులు. రిపేర్ చేసేవాడికి ఆ మాట చెప్పడానికి మొహమాటం ఉండాలి.

ఆఖరికి క్రెడిట్ నోట్ ఇస్తానన్నారు. అంటే ఆ డబ్బుకి మళ్లీ ఆయన దగ్గరే సరుకు ఎత్తాలి. కౌంటర్‌లో కూర్చునే మా బావమరిది తీసేసుకోమన్నాడు, ఏదో ఒకటి చేతికొస్తుంది కదా అని. నేను తీసుకోలేదు. లెక్కలు చూసేవాళ్లకి మొండితనంలా ఉంటుంది. ఉండనివ్వండి.

డబ్బు కన్నా ఎక్కువ నలిగింది ఇంకో దాని మీద. పోయినవాళ్లు ఎలాగూ వస్తారు, మార్చి ఇస్తాం. బాగా నడుస్తున్నవాళ్లకి చెప్పాలా, వద్దా? “హాయిగా వాడుకుంటున్నవాళ్లని లేపి, మా షాపులో డూప్లికేట్ సరుకు ఉందహో అని మనమే దండోరా వేసుకుంటామా బావా?” అన్నాడు వాడు. అందులో నిజం లేకపోలేదు. అన్నీ పోవు, కొన్ని ఏళ్ల తరబడి నడిచినా నడుస్తాయి. సంక్రాంతి ముందు, బయట ఊళ్ల నుంచి పిల్లలు వచ్చి నాన్నగారి లాప్‌టాప్, మావయ్యగారి లాప్‌టాప్ మోసుకొచ్చే సీజన్‌లో ఈ మాట బయటపెడితే వ్యాపారం ఏమవుతుందో నాకు తెలియదా. కాగితం మీద రాసి చింపాను, మళ్లీ రాశాను.

ఈలోగా కొత్తపేట నుంచి ఒక ఎకౌంటెంట్ గారు 19వ తేదీ సాయంత్రం వచ్చారు. జీఎస్టీ రిటర్న్ వేయడానికి 20 ఆఖరు. ట్యాలీ డేటా అంతా చచ్చిన డ్రైవ్‌లోనే ఉంది. ఆయన పాత హార్డ్ డిస్క్‌లో మేం డ్రైవ్ మార్చిన నాటి వరకు లెక్కలున్నాయి, ఆ తర్వాతవి లేవు. కొత్త డ్రైవ్ అక్కడికక్కడే వేసి ఇచ్చాను, కానీ అంగట్లో కొనలేనిది ఆ డేటా. ఆయన వెళ్లాక బావమరిదితో అన్నాను, పోయినవాళ్లకి మనం చెప్పి ఉపయోగం ఏముందిరా, చెప్తే పనికొచ్చేది నడుస్తున్నవాళ్లకే కదా అని. వాడు ఇంకా ఒప్పుకోలేదు. షాపు నాది.

అయితే ఒక మాట. ఈ కబురు పాకినప్పటి నుంచి ఊళ్లో ఆన్ కాని ప్రతి లాప్‌టాప్‌కీ నేనే కారణమైపోయాను. ఒక మాస్టారు వచ్చి కౌంటర్ దగ్గర నలుగురి ముందు కేకలేశారు. చూస్తే లైటు వెలుగుతోంది, తెర నలుపు. టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టినా బొమ్మ రాలేదు. ర్యామ్ తీసి, కాళ్లు తుడిచి, తిరిగి పెడితే వచ్చింది. అందులో మేం వేసిన డ్రైవే లేదు. ఇంకొకరిది అప్‌డేట్ తర్వాత నీలం తెర మీద బిట్‌లాకర్ (డ్రైవ్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడుగుతోంది. అది 48 అంకెల కీ. మామూలుగా మీరు లాగిన్ అయిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది. కీ లేకపోతే నేనే కాదు, ఆ లోపలి డేటాని ఎవరూ తెరవలేరు. దయచేసి బాగున్నప్పుడే దాన్ని కాగితం మీద రాసుకోండి.

లైటే వెలగకపోతే చార్జర్, చార్జింగ్ పిన్ను, బోర్డు చూడాలి, డ్రైవ్‌తో సంబంధం లేదు. ముందు చార్జర్ పీకేసి పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకుని, మళ్లీ చార్జర్ పెట్టి చూడండి. కొన్ని దానికే లేస్తాయి. లోగో వచ్చి ఆగితే బయోస్‌లోకి వెళ్లండి. డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10. అక్కడ డ్రైవ్ పేరు లేకపోయినా, నేను పైన చెప్పిన పేరున్నా ఇంక ఆపేయండి. ఊరికే ఆన్ ఆఫ్ చేయొద్దు. ఇంట్లో కుర్రాళ్ల చేత విండోస్ మళ్లీ ఎక్కించొద్దు. డ్రైవ్ మార్చినప్పుడు పాత హార్డ్ డిస్క్ కవర్లో పెట్టి మీ చేతికిచ్చాం, దాన్ని ఫార్మాట్ చేయకండి. అప్పటి వరకు మీరు దాచుకున్నది అందులో ఉంది.

నా రిజిస్టర్‌లో ప్రతి డ్రైవ్ సీరియల్ నంబర్ ఉంది, బిల్లు పోయినా పర్వాలేదు. మార్చి ఇచ్చేవి కంపెనీ డిస్ట్రిబ్యూటర్ దగ్గర జీఎస్టీ బిల్లు మీద కొన్నవి. నిండా రాయించి చదివించే టెస్ట్ ఒక రాత్రి పెట్టి గాని ఇవ్వను, కాబట్టి ఇప్పుడే ఇచ్చేయమని తొందరపెట్టకండి. కొత్తగా కొనేవాళ్లకి ధర పెరుగుతుంది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ చిప్‌ల రేట్లు 2025 చివరి నుంచి ఎక్కడైనా పెరిగే ఉన్నాయి. నెట్‌లో తక్కువకి దొరుకుతోందంటే కొని తెచ్చుకోండి, బిగించి ఇస్తాను, టెస్ట్ మాత్రం మీ ముందే పెడతాను. డబ్బు వాపసు అడిగేవాళ్లకి డ్రైవే ఇస్తాను, డబ్బు ఇవ్వలేను, చేతిలో లేదు.

మా షాపులో ఒరిజినల్ ర్యామ్ మార్చేస్తారని టీ కొట్టు దగ్గర చెప్పుకుంటున్న పెద్దమనుషులు కూడా రావచ్చు. మీ ఎదురుగానే విప్పుతాను. పోయిన లాప్‌టాప్‌లు ముందు, నడుస్తున్నవి తర్వాత. వచ్చేటప్పుడు పాత హార్డ్ డిస్క్, పాస్‌వర్డ్‌తో పాటు చార్జర్ కూడా తెచ్చుకోండి, అందరూ అదే మర్చిపోతున్నారు.