పోస్టు డబ్బా మీద పేరు

హైదరాబాద్,
అక్టోబర్ 20

చిన్నీ,

"ఇక్కడ జర్మనీలో అటెండెన్స్ తీసుకోరు నాన్నా, భలే ఉంది" అన్నావు మొన్న ఫోన్లో. ఆ భలే ఎంతవరకో చెబుదామనే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగం అమ్మ లాక్కుంటుంది.

ఇక్కడ బీటెక్‌లో 75 శాతం తగ్గితే డిటెయిన్ చేస్తారన్న భయమే సగం మందిని క్లాసులో కూర్చోబెడుతుంది. అక్కడ ఆ కాపలా లేదు, దాని బదులు గంటల లెక్క ఉంది. 1999లో 29 దేశాలు ఇటలీలోని బొలోన్యాలో డిగ్రీ చదువులను ఒక తీరుకు తెద్దామని సంతకాలు చేశాక యూరప్ చదువులన్నీ క్రమంగా ఒకే క్రెడిట్ల పద్ధతికి వచ్చాయి. ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. జర్మనీలో ఎక్కువగా 30 వేస్తారు. 6 క్రెడిట్ల సబ్జెక్టుకు 180 గంటలు. వారానికి నాలుగు పీరియడ్లు, పీరియడ్‌కు 45 నిమిషాలు, 15 వారాలు. అంటే క్లాసులో కూర్చునేది 45 గంటలే. మిగతా 135 గంటలు నీ గదిలోనో లైబ్రరీలోనో నువ్వే పెట్టాలి. అలాంటి సబ్జెక్టులు ఐదుంటే ఒక సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు. పరీక్షల ముందు క్లాసులుండని వారాలు కలుపుకున్నా, వారానికి నలభై గంటలకు అటూ ఇటుగా సొంత చదువే. అటెండెన్స్ తీసుకోని మేష్టారు నిన్ను వదిలేయలేదు, ఆ 135 గంటలూ నువ్వు పెడుతున్నావని నమ్ముతున్నాడంతే. ఆ నమ్మకం నిజమో కాదో ఫిబ్రవరిలో ఒక్క పరీక్షతో తేలిపోతుంది. ఇంటర్నల్ మార్కులు ఆదుకుంటాయనుకోకు, చాలా సబ్జెక్టుల్లో అవి ఉండవు.

ఆ పరీక్షకు హాల్ టికెట్ దానంతటది రాదు. యూనివర్సిటీ పోర్టల్‌లో ఒక్కో సబ్జెక్టుకు విడిగా పేరు నమోదు చేసుకోవాలి. దానికి కొన్ని వారాల గడువే ఇస్తారు. ఆ తేదీలు యూనివర్సిటీని బట్టి, ఒక్కోసారి డిపార్ట్‌మెంట్‌ను బట్టి కూడా మారతాయి. గడువు దాటితే ఎంత చదివినా ఆ సెమిస్టర్‌లో రాయనివ్వరు. పేరు ఇచ్చి, రద్దు చేసుకోకుండా పరీక్షకు వెళ్లకపోతే ఫెయిలైనట్టే లెక్క. జ్వరమొస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లి సర్టిఫికెట్ తీసుకుని పరీక్షల ఆఫీసుకు పంపాలి. రెండు రోజులు పడుకుని లేచాక తెస్తే ఒప్పుకోకపోవచ్చు.

సప్లీల సంగతి మరీ ముఖ్యం. మన దగ్గర సప్లీ పోతే మళ్లీ సప్లీ, చాలాకాలం తలుపు తెరిచే ఉంటుంది. అక్కడ చాలా చోట్ల ఒక సబ్జెక్టుకు మూడే అవకాశాలు. తప్పనిసరి సబ్జెక్టు మూడోసారీ పోతే అడ్మిషన్ రద్దవుతుంది. మామూలుగా అదే కోర్సు జర్మనీలో ఇంకెక్కడా చదవనివ్వరు కూడా. అందుకే "చూద్దాం, ఓసారి రాసి చూస్తే పోలా" అని పరీక్షకు కూర్చోకు. ఎన్ని అవకాశాలు, ఎప్పటిలోగా రద్దు చేసుకోవచ్చు అన్నది నీ కోర్సు నిబంధనల్లో రాసి ఉంటుంది. ప్రూఫుంగ్సోర్డ్‌నుంగ్ అంటారు, నోరు తిరగకపోయినా ఈ శనివారమే కూర్చుని చదువు. సీనియర్ల మాట కన్నా అదే గట్టిది.

మార్కులు తిరగేసి ఉంటాయని తెలుసుగా. 1.0 అన్నిటికన్నా పైన, 4.0 దాకా పాస్, 5.0 ఫెయిల్. 2.3 వచ్చిందని కంగారుపడి మామయ్యకు ఫోన్ చేయకు. అది మంచి మార్కే.

కొన్ని పరీక్షలు నోటితో ఉంటాయి, ఇరవై ముప్పై నిమిషాలు. డెఫినిషన్ చెప్పగానే "సరే, ఈ షరతు తీసేస్తే ఏమవుతుంది?" అని అడుగుతారు. ఇంపార్టెంట్ క్వశ్చన్లు, అమీర్‌పేట జిరాక్సు మెటీరియల్ అక్కడ పనికిరావు. తెలియకపోతే "తెలియదు, కానీ ఇలా ఆలోచిస్తాను" అని పైకి చెబుతూ ఆలోచించు. మౌనంగా కూర్చుంటే మన దగ్గర వినయమనుకుంటారు, అక్కడ జవాబు రాలేదనే రాసుకుంటారు. క్లాసులోనూ అంతే. ప్రశ్న అడిగితే మేష్టారిని ఎదిరించినట్టు కాదు.

ల్యాబ్ రికార్డు విషయంలో మాత్రం కాస్త కటువుగా చెబుతున్నాను. సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని దించేయడం ఇక్కడ తప్పని ఎవరూ అనుకోరు. అక్కడ రిపోర్టులో పక్కవాళ్ల పేరాగ్రాఫ్ దొరికితే మోసం కింద 5.0 వేస్తారు. స్నేహంకొద్దీ నీ ఫైలు ఇచ్చినా నువ్వూ ఇరుక్కోవచ్చు. కలిసి చర్చించండి, రాసేటప్పుడు ఎవరిది వాళ్లు రాయండి.

మేష్టార్లకు మెయిల్ రాసేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్, కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" వద్దు. ఇంటిపేరుతో సంబోధించి, రెండో వాక్యంలోనే పని చెప్పు. జర్మన్‌లో మన మీరు, నువ్వు లాగే జీ, డూ ఉన్నాయి. ఇంగ్లీషువాళ్లు తికమకపడే చోట నీకు సులువు. పెద్దవాళ్లు "డూ అను" అనేదాకా జీ అనే అను. 10 సి.టి. అని రాసి ఉంటే క్లాసు 10:15కు, 10 ఎస్.టి. అంటే సరిగ్గా పదికి. మొదటిది చూసి జర్మన్లూ మనలాగే ఆలస్యమనుకోకు. అది వందల ఏళ్ల లాటిన్ అలవాటు. క్లాసు అయ్యాక చప్పట్లకు బదులు బల్ల మీద వేళ్లతో కొడతారు, బెదరకు.

నీ పక్కన కూర్చున్నవాళ్లలో కొందరు నీకన్నా నాలుగైదేళ్లు పెద్దగా కనిపించవచ్చు. అక్కడ పదో తరగతి వయసు పిల్లలు చాలామంది కంపెనీలో వారానికి మూడు నాలుగు రోజులు పని, ఒకటి రెండు రోజులు బడి అన్న పద్ధతిలో రెండు నుంచి మూడున్నరేళ్లు జీతంతో పని నేర్చుకుంటారు. కొందరు ఆ తర్వాత ఇంజనీరింగ్‌కు వస్తారు. ఐటీఐ అంటే ఇక్కడ ముఖం చిట్లిస్తాం గానీ, వాళ్లను లేత్ ముందు నిలబెడితే నీ 8.2 సీజీపీఏ పక్కకు తప్పుకోవాల్సిందే. గ్రూప్ ప్రాజెక్టులో అలాంటివాళ్లతో చేరు. అయితే అక్కడా అంతా బంగారమేమీ కాదు. ఎక్కువ రాష్ట్రాల్లో నాలుగో తరగతి అయ్యాకే పిల్లలను వేర్వేరు బడులకు విడదీస్తారు. పదేళ్లకే దారి తేల్చేయడం ఏం న్యాయమని వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. మన ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, కనీసం పదిహేడేళ్లదాకా ఆగుతుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా. వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచిన బ్లాక్డ్ అకౌంట్‌లోంచి నెలకు వచ్చే 992 యూరోల్లో ముందు అద్దె, ఇన్సూరెన్స్ తీసి పక్కన పెట్టు. ఏడాదికి 140 పూర్తి రోజులే పని చేయొచ్చు. యూనివర్సిటీలోనే స్టూడెంట్ అసిస్టెంట్ పని దొరికితే అది ఆ లెక్కలోకి రాదు, కాబట్టి ముందు డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డులు చూడు. వచ్చే సెమిస్టర్ ఫీజు గడువులోగా కట్టకపోతే పేరు తీసేస్తారు, వీసా కూడా దానితోనే ముడిపడి ఉంది.

ఇల్లు మారిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి, ఇంటి ఓనర్ సంతకం చేసిన కాగితం వెంట ఉండాలి. ఆ పని అయిందన్నావు, సంతోషం. కింద పోస్టు డబ్బా మీద పేరు రాశావో లేదో మాత్రం చెప్పలేదు. టాక్స్ నంబరు, ఇన్సూరెన్స్, పర్మిట్ కాగితాలు చాలావరకు పోస్టులోనే వస్తాయి. డబ్బా మీద పేరు లేకపోతే పోస్ట్‌మాన్ పక్కింటివాళ్లను అడగడు, వెనక్కి పంపేస్తాడు. ఇక్కడిలా ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరం పెట్టకు. పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తిగా, పెద్ద అక్షరాల్లో రాసి అంటించు.

ఈ ఉత్తరం కూడా పోస్టులోనే వేస్తున్నాను. అందిందంటే రాసినట్టే.

మీ నాన్న