ఫానో దీవిలో ఆ రాత్రి మా నాన్నగారి పక్కన కూర్చున్న ఆవిడకు

మేము ఇంటికి తిరిగి వచ్చి ఇవాళ్టికి మూడు రోజులయింది. నాన్నగారు పక్క గదిలో నిద్రపోతున్నారు. నేను మాత్రం రాత్రి రెండుసార్లు లేచి, తలుపు దగ్గర నిలబడి ఆయన ఊపిరి చప్పుడు విని, ఇక నిద్ర పట్టదని తేలిపోయాక ఇది రాయడానికి కూర్చున్నాను. ఎక్కడైనా మాట తడబడితే పెద్దమనసుతో చదువుకోండి.

మా వారి ఉద్యోగం డెన్మార్క్ పడమటి తీరంలోని ఎస్బియర్‌లో, సముద్రంలో గాలిమరలు నిలబెట్టే పనిలో. నరసాపురం నుంచి అమ్మా నాన్నా మొదటిసారి మా ఇంటికి వచ్చారు. వాళ్ల పెళ్లయి 40 ఏళ్లు నిండిన సందర్భంగా, ఊరికి ఎదురుగా కనిపించే ఫానో దీవిలో ఒక రాత్రి ఉంచి మంచి భోజనం పెట్టించాలని నేనే పట్టుబట్టాను. రేవు నుంచి ఫెర్రీలో 12 నిమిషాలు వెళితే నోర్డ్‌బీ వస్తుంది. అక్కడి నుంచి దీవి దక్షిణపు కొసదాకా వెళితే సోండర్‌హో అనే పల్లె. అక్కడ 1722 నుంచి ఉన్న సత్రం పేరు సోండర్‌హో క్రో. 'క్రో' అంటేనే వాళ్ల భాషలో సత్రం. రెల్లు కప్పు, చిన్న కిటికీలు, తల వంచుకుని దాటవలసిన గుమ్మాలు. వెనక కరకట్ట, కరకట్ట దాటితే వాడెన్ సముద్రం. పోటుకు నీళ్లు నిండి, ఆటుకు కనుచూపు మేరా బురద మైదానమైపోయే ఆ తీరాన్ని చూసి నాన్నగారు, "మన అంతర్వేది దగ్గర ఇసుక, ఇక్కడ బురద, అంతే తేడా," అన్నారు. 1741లో ఈ దీవివాళ్లు తమ నేలను రాజుగారి దగ్గర వేలంలో తామే కొనుక్కున్నారని చెబితే, బడిపంతులుగా పనిచేసిన మనిషి కనుక, ఆ సంగతి నాచేత రెండుసార్లు చెప్పించుకున్నారు. ఆ సాయంత్రం అంతవరకు ఎంతో బాగుంది.

తప్పు నాది. ఎద్దు మాంసం వద్దని ముందే చెప్పాను గానీ, నాన్నగారు ఇన్సులిన్ తీసుకుంటారని చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఇంట్లో సూది పొడుచుకున్న పావుగంటకు కంచంలో అన్నం ఉంటుంది. ఆ అలవాటు ప్రకారమే ఆయన ఏడు గంటలకు గదిలో సూది వేసుకుని, షుగర్ మాత్ర కూడా మింగి కిందికి దిగారు. అటువంటి చోట భోజనం విడతలు విడతలుగా, తీరుబడిగా వస్తుంది. మొదట ఆ సముద్రపు ఆల్చిప్పలు, ఆ తరువాత బాక్స్‌కుల్ అని ఇక్కడివాళ్లు పిలిచే, ఎండబెట్టి పొగపట్టిన చదునైన చేప, ఇలా ఒక్కొక్కటీ రెండేసి ముద్దలు. రుచికి వంక పెట్టలేము. ఆ చేప నోట్లో పెట్టుకోగానే అమ్మ, "అచ్చం మన ఉప్పుచేప వాసనే," అని మురిసిపోయింది. కానీ వాటిలో ఇన్సులిన్‌కు ఎదురు నిలిచే పిండిపదార్థం ఏముంటుంది? వెచ్చటి రొట్టె వచ్చినా, డాక్టరు తగ్గించమన్నారని నాన్నగారు పక్కకు నెట్టేశారు. ఎనిమిది దాటాక ఆయన చేతిలోని ఫోర్కు జారి కింద పడింది. నుదురంతా చెమట. నన్ను చూసి మా అక్క పేరు పెట్టి పిలిచారు.

కిటికీ పక్క బల్ల దగ్గర ఒంటరిగా భోంచేస్తున్న, డెబ్బై ఏళ్లుంటాయనిపించే ఒక డేనిష్ స్త్రీ, నేను కుర్చీలోంచి లేచేలోపే లేచి వచ్చారు. ఇళ్లకు వెళ్లి రోగులను చూసుకునే నర్సుగా జీవితమంతా పనిచేసి విరమించానని ఆవిడ తరువాత చెప్పారు. "డయాబెటిసా?" అన్నది ఆవిడ మొదటి ప్రశ్న. నా సంచిలోని షుగర్ మీటరు 48 చూపించింది, అంటే చాలా తక్కువ. నేను ఆ అంకె చెప్పగానే ఆవిడ ఒక్క క్షణం తికమకపడ్డారు, ఎందుకంటే అక్కడి కొలత వేరు. మన అంకెను 18తో భాగిస్తే వాళ్ల అంకె వస్తుంది. కాగితపు రుమాలు మీద పెన్నుతో భాగించి, 2.7 అని రాసి, దాని కింద గీత గీశారు. స్పృహ ఉంది, మింగగలుగుతున్నారు అని చూసుకున్నాకే, వంటగది నుంచి తెప్పించిన తియ్యటి ఎల్డర్‌పువ్వు షర్బతు కొంచెం కొంచెంగా తాగించారు. పావుగంటలో అంకె పెరగకపోతే 112కు ఫోను చేయాలని, చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టారు. పావుగంటకు 74 వచ్చింది. అప్పుడు రొట్టె తినిపించారు.

ఆయన్ను ఇంట్లో ఏమని పిలుస్తారని ఆవిడ నన్ను అడిగారు. నేను కంగారులో నేను పిలిచే పిలుపే చెప్పాను. దాంతో ఆ రాత్రంతా ఆవిడ మా నాన్నగారిని "నాన్నా, నాన్నా" అని చెంప తట్టి లేపుతూనే ఉన్నారు. మా గోదావరి వైపు పెద్దవాళ్లు పసిపిల్లలను పిలిచే పిలుపు కూడా అదే కదా. అరవై ఎనిమిదేళ్ల మనిషి ఆ పిలుపుకు కళ్లు తెరిచి, బుద్ధిగా చెయ్యి చాపి వేలు ఇచ్చేవారు. అంతవరకు బిగబట్టుకున్న నేను అక్కడే బయటికి వెళ్లి గోడకు ఆనుకుని ఏడ్చాను.

అంకె పెరిగింది కదా, ఇక మీరు వెళ్లి భోజనం పూర్తి చేయండని బతిమాలాను. ఆయన మింగిన మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుందని, నిద్రలో మళ్లీ షుగర్ పడిపోతే ఎవరికీ తెలియదని చెప్పి, మా గదిలోకి కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. గంటకోసారి వేలు గుచ్చడం, అంకె రాయడం. అర్ధరాత్రి దాటాక వంటగదివాళ్లు ఆవిడ తినకుండా వదిలేసిన కంచాన్ని పైకి తెచ్చి ఇచ్చారు. ఆ బురద తీరపు పచ్చికలో మేసిన గొర్రెపిల్ల మాంసం, దాని కోసమే జనం దూరాల నుంచి వస్తారు. ఆవిడ వసారాలో మెట్టు మీద కూర్చుని, కంచం ఒళ్లో పెట్టుకుని, చల్లారిపోయిన ఆ మాంసాన్ని తిన్నారు. అప్పుడు, నేను అడిగితేనే చెప్పారు: పోయిన తన భర్త పుట్టినరోజు ఆ రోజే. ఏటా ఆ తేదీన వచ్చి ఆ కిటికీ పక్కనే ఒక్కరే భోంచేస్తారు. ఏడాదంతా దాని కోసం విడిగా డబ్బు దాచుకుంటారు. ఆ ఒక్క భోజనాన్ని మేము పాడుచేశాము. ఆ మాట అంటే ఆవిడ చెయ్యి ఊపి, సాస్ చల్లారినా బాగానే ఉంది అన్నారు.

తెల్లవారాక నేను స్నానం చేసి వచ్చేసరికి ఆవిడ వెళ్లిపోయారు. అమ్మ ఇద్దామని తీసిపెట్టిన నరసాపురం లేసు గుడ్డ మంచం మీదే ఉంది. సత్రంవాళ్లు ఆవిడ చిరునామా ఇవ్వలేదు, ఇవ్వకపోవడమే సరి. డేనిష్‌వాళ్లకు 'తక్ ఫర్ సిస్ట్' అనే మాట ఒకటుంది. కిందటిసారి కలిసినందుకు కృతజ్ఞతలు అని, మళ్లీ కలిసినప్పుడు చెప్పే మాట. నాకు ఆ అవకాశం ఎప్పుడు వస్తుందో తెలియదు కనుక, ఆవిడ చదవలేని భాషలో అయినా ఇక్కడ చెబుతున్నాను. అమ్మా, మీ ఋణం మేము తీర్చుకోలేము.

మా వారు, అమ్మ, హైదరాబాదులో ఫోను పట్టుకునే కూర్చున్న అక్కాబావలు చేసినది వేరే రాయను. రాస్తే వాళ్లే నన్ను తిడతారు.

రాయకుండా ఉండలేనిది మరొకటి ఉంది. ఆ రాత్రి వైద్య సలహా కోసం మేము ఫోను చేసిన చోట, రోగి సంగతి వినడానికి ముందు అడిగింది పది అంకెల సీపీఆర్ నంబరు, అంటే ఇక్కడ నివాసముండేవాళ్ల గుర్తింపు సంఖ్య. ఈ దేశంలో 1968 నుంచి ప్రతి పనికీ ఆధారం ఆ నంబరే; అది మంచి ఏర్పాటేనని నేను ఇన్నాళ్లూ వాదించేదాన్ని. కానీ కూతురిని చూడటానికి వచ్చిన తండ్రికి ఆ నంబరు ఉండదు. ఆ ముక్క చెప్పి, మళ్లీ చెప్పి, ఎదురుచూసి, చివరికి డాక్టరుగారు లైనులోకి వచ్చి చెప్పింది, కుర్చీలోని ఆవిడ అప్పటికే చేస్తున్నదే. ఇక మా ప్రయాణ బీమా కంపెనీ సంగతి. నాన్నగారికి షుగర్ ఉందని దరఖాస్తులో రాసి, అందుకు అదనంగా సొమ్ము కట్టి కొన్న పాలసీ అది. మర్నాడు ప్రైవేటు డాక్టరుకు చూపించిన ఖర్చు అడిగితే, ఇది ముందునుంచీ ఉన్న జబ్బు కనుక వర్తించదని ఒక్క రోజులో జవాబు పంపారు. ఆ తొందర డబ్బు ఇవ్వడంలో ఎన్నడైనా చూశామా? అమ్మానాన్నలను విదేశాలకు పిలిపించుకునేవాళ్లు పాలసీలోని చిన్న అక్షరాలు కొనకముందే చదవండి. నేను చదవలేదు.

సత్రం వంటగదివారికి, కారిడారులో రాత్రంతా దీపం ఆర్పకుండా ఉంచినవారికి, ఉదయం ఎవరూ అడగకుండానే ఓట్స్ జావ పంపినవారికి కృతజ్ఞతలు. తిరుగు ఫెర్రీలో మా కారును ముందు వరుసలోకి పిలిచిన ఉద్యోగికి కూడా. ఇంటికి చేరేసరికి గుమ్మం దగ్గర పెరుగన్నం, నిమ్మకాయ పచ్చడి పెట్టి వెళ్లిన ఎస్బియర్ తెలుగు కుటుంబాన్ని మరిచిపోయేదాన్నే, డబ్బా ఇంకా సింకులో ఉండబట్టి గుర్తొచ్చింది.

ఆవిడ రాసిన అంకెల కాగితం ఇప్పుడు నా ముందు ఉంది. చూస్తుంటే ఒక సంగతి తగిలింది. ఒంటిగంట వరకు అన్నీ 18తో భాగించి ఉన్నాయి. అక్కడి నుంచి అన్నీ 18తో గుణించి ఉన్నాయి, 7.1 ఇంటూ 18, 128 అని, మాకు అర్థం కావాలని. అప్పుడు గుర్తొచ్చింది. ఒంటిగంటకు మా దగ్గర పరీక్ష పట్టీలు అయిపోయాయి. భోజనం వడ్డించిన కుర్రాడు, అదే ఊళ్లో ఉండే వాళ్ల అమ్మకూ షుగరేనని, ఆ గాలిలో సైకిలు మీద ఇంటికి వెళ్లి ఆవిడ మీటరు పట్టుకొచ్చాడు. పేరు కూడా అడగలేదు. బాబూ, నీకూ, నిద్రలేచి మీటరు ఇచ్చిన మీ అమ్మగారికీ.