ఊరు విడిచి వెళ్లని జట్టు కావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫుట్‌బాల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2025లో ఢిల్లీకి వెళ్లిపోయింది. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. నాలుగేళ్లు తిరక్కుండానే ఛాంపియన్ జట్టు నగరంలో లేకుండా పోయింది. దీనిపై మన దగ్గర జరగాల్సినంత చర్చ జరగలేదన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను.

హైదరాబాద్ గెలిచిన ఆ 2022లోనే మధ్య అమెరికాలోని చిన్న దేశం కోస్టారికా ఫస్ట్ డివిజన్ లీగ్‌లో కార్తహినేస్ అనే క్లబ్ టైటిల్ గెలిచింది. ఇరాసు అగ్నిపర్వతం దగ్గరున్న కార్తగో పట్టణం జట్టు ఇది. 1906లో పుట్టింది. 1923, 1936, 1940లో ఛాంపియన్. ఆ తర్వాత ఎనభై ఏళ్లకు పైగా ఒక్క టైటిల్ కూడా లేదు. 1940 గెలుపు సంబరంలో ఆటగాళ్లు గుర్రాలెక్కి చర్చిలోకి వెళ్లారని, పూజారి శపించాడని అక్కడి జనం కథలుగా చెప్పుకుంటారు. 2013లో ఫైనల్ దాకా వెళ్లి ఎరెదియానో చేతిలో పెనాల్టీల్లో ఓడింది. చివరికి 2022లో అలహుయెలెన్సేను ఓడించి కప్పు ఎత్తింది. ఈ మధ్యలో మూడు తరాలు ఆ జట్టు కోసం స్టేడియానికి వెళ్లాయి. గెలుపు చూడకుండానే పోయినవాళ్లు ఎందరో. అయినా జట్టు కార్తగోలోనే ఉంది, జనం జట్టుతోనే ఉన్నారు. హైదరాబాద్ జట్టుకు మనం ఎనభై ఏళ్లు కాదు, పదేళ్లు కూడా ఇవ్వలేకపోయాం.

కోస్టారికా జనాభా 50 లక్షల పైచిలుకు. అంటే హైదరాబాద్ నగరంలో సగం. విస్తీర్ణంలో తెలంగాణలో సగం కూడా లేదు. అలాంటి దేశం ఆరు ప్రపంచకప్‌లు ఆడింది. 2014లో ఉరుగ్వే, ఇటలీ, ఇంగ్లండ్ ఉన్న గ్రూపులో మొదటి స్థానంలో నిలిచి క్వార్టర్ ఫైనల్ చేరింది. ఆ జట్టు గోల్‌కీపర్ కేలర్ నవాస్ పెరెజ్ జెలెడోన్ ప్రాంతంలో పుట్టి, సాప్రిసా క్లబ్‌లో ఎదిగి, రియల్ మాడ్రిడ్ దాకా వెళ్లాడు. అదే టోర్నీ ఆడిన జానీ అకోస్టాను మన దేశంలో కూడా చూశాం. అలహుయెలెన్సే, ఎరెదియానోలకు ఆడిన ఆయన 2018లో కోల్‌కతా వచ్చి ఈస్ట్ బెంగాల్ జెర్సీ వేసుకున్నాడు.

1921లో మొదలైన కోస్టారికా లీగ్‌లో లోపాలు లేవని అనను. ఏడాదికి రెండు టోర్నీలు, ఇద్దరు ఛాంపియన్లు, పైగా పట్టికలో మొదటి జట్టు, ప్లేఆఫ్ గెలిచిన జట్టు వేరైతే ఆ రెండింటి మధ్య గ్రాండ్ ఫైనల్ అనే మెలిక. టైటిళ్లలో ఎక్కువ భాగం సాప్రిసా, అలహుయెలెన్సే, ఎరెదియానోలవే. చిన్న క్లబ్బుల్లో యాజమాన్యాలు, మైదానాలు మారినవి అక్కడా లేకపోలేదు. 2026 ప్రపంచకప్‌కు ఆ దేశం అర్హత సాధించలేదు కూడా. కానీ ఒక విషయం గట్టిగా ఉంది. ఏడాది మొత్తంలో అట్టడుగున నిలిచిన జట్టు రెండో డివిజన్‌కు దిగిపోతుంది, కింద గెలిచినది పైకి వస్తుంది. అందుకే రాజధానికి దూరంగా ఉన్న పెరెజ్ జెలెడోన్ జట్టు కూడా 2017లో ఛాంపియన్ కాగలిగింది.

మన దగ్గర ఐఎస్‌ఎల్ మొదటి పదేళ్లలో ఒక్క జట్టును కూడా కింది డివిజన్‌కు దించలేదు. డబ్బున్నవాడికి లీగ్‌లో చోటు, డబ్బు అయిపోతే జట్టు వేరే ఊరికి. పుణె జట్టు మూతపడితే ఆ చోటు 2019లో హైదరాబాద్‌కు వచ్చింది, ఇప్పుడు అదే దారిలో ఢిల్లీకి పోయింది. మధ్యలో జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోయారు. నష్టపోయింది వాళ్లూ, గచ్చిబౌలి స్టేడియంలో గొంతు పోయేలా అరిచిన కుర్రాళ్లూ.

ఇది ఫుట్‌బాల్ తెలియని ఊరు కాదు. కోచ్ రహీం సాబ్ (సయ్యద్ అబ్దుల్ రహీం) శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నీని వరసగా ఐదుసార్లు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టు కోచ్ కూడా ఆయనే.

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు నాదొక విన్నపం. లీగ్ నియమాల్లో ఊరు మార్చే వీలును తీసేయండి. యజమాని చేతులెత్తేస్తే, అభిమానులూ స్థానిక సంస్థలూ కలిసి జట్టును కింది డివిజన్‌లోనైనా అదే ఊళ్లో, అదే పేరుతో నడుపుకునే అవకాశం ఇవ్వండి. దిగజారడాన్ని ఊరు తట్టుకుంటుంది, వెళ్లిపోవడాన్ని తట్టుకోదు. రాష్ట్ర ప్రభుత్వం, రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం హైదరాబాద్ స్థానిక లీగ్‌కు సరైన మైదానాలు, ముందే ప్రకటించిన షెడ్యూలు ఇవ్వాలి. మీ పత్రిక క్రీడల పేజీలో వారానికొకసారి ఆ మ్యాచ్‌ల స్కోర్లు వేస్తే, ఎప్పుడు ఎక్కడ ఆట ఉందో మాలాంటివాళ్లకు తెలుస్తుంది, వెళ్లి చూస్తాం.

ఇట్లు,
మీ పాఠకుడు,
సికింద్రాబాద్