సముద్రాహార ఉత్సవంలో ముందు ఐసు లెక్క చూడండి

ఎడిటర్ గారికి,

ఏటా జరిగే సముద్రాహార ఉత్సవాలకు వేదిక, దీపాలు, పాటకచేరీ నెలల ముందే ఖాయమవుతాయి. ఐసు సంగతి మాత్రం ఆ పొద్దున గుర్తొస్తుంది. నిర్వాహకులు మొదట రాసుకోవలసిన లెక్క: కిలో చేపకు కిలో ఐసు. స్టాళ్లు ఎండలో ఉంటే ఇంకా ఎక్కువే పడుతుంది.

పెట్టెలో పెద్ద దిమ్మలు పడేస్తే చేప నలుగుతుంది, సందుల్లో చల్లదనం అందదు. నలగ్గొట్టిన ఐసు అడుగున ఒక వరుస, పైన చేపలు, మళ్లీ ఐసు. పొట్ట శుభ్రం చేసిన చేపను పొట్ట కిందికి వచ్చేలా ఉంచితే లోపల నీరు నిలవదు. ఐసు కరిగిన నీళ్లు పోవడానికి పెట్టె అడుగున రంధ్రం ఉండి తీరాలి. నెత్తురూ జిగురూ కలిసిన ఆ నీళ్లలో చేప నానితే ఐసు ఖర్చు దండగ.

కానాగంత, ట్యూనా లాంటివి మరీ సున్నితం. కొన్ని గంటలు వెచ్చగా ఉంటే చాలు, బ్యాక్టీరియా వాటి కండలో హిస్టమిన్ అనే హానికర పదార్థాన్ని తయారుచేస్తుంది. ఎంత వేయించినా, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టినా అది పోదు. వాసన కూడా పట్టివ్వకపోవచ్చు. తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడి, దురద, తలనొప్పి వస్తే ‘చేప పడలేదు’ అనుకుంటారు గానీ తప్పు నిల్వది. అసలైన ఎలర్జీ వేరు. రొయ్యలు వేగిన నూనెలోనే చేప ముక్కలు వేస్తే రొయ్య పడనివాళ్లకు ప్రాణం మీదికి రావచ్చు. రెండు మూకుళ్లు, రెండు కత్తిపీటలు పెట్టడం పెద్ద ఖర్చేమీ కాదు.

పీతలు బతికున్నవే వండాలి. చచ్చిన పీత కండ త్వరగా నీరుగారుతుంది. తడి గోనె కప్పి నీడన ఉంచండి. సముద్రపు పీతను మంచినీళ్ల తొట్టిలో వేస్తే చస్తుంది. పొట్ట కింద గుడ్లున్న పీతల్ని అసలు కొనకండి.

అన్నిటికన్నా చేటు, మెనూ ముందే అచ్చు వేయించడం. పోస్టరు మీది చేప ఆ వారం వలలో పడకపోతే ఎక్కడిదో గడ్డకట్టించిన సరుకు దిగుతుంది. ముందురోజే ఫ్రిజ్‌లోకి మార్చాల్సిన దాన్ని హడావిడిగా ఎండలో కరిగిస్తారు. లోపల గడ్డ వదలకముందే పైపొర పాడవుతుంది. దానికి తీరప్రాంతపు రుచి అని పేరు! కరపత్రంలో చేపల పేర్ల చోట ఖాళీ వదలండి. ఆ పొద్దున రేవులో చేపల వేలంపాట ముగిశాక బోర్డు మీద రాయించండి.

– చేపల నిల్వ, వంటల పనిలో ఉన్న పాఠకులు