వార్షిక నివేదిక: ఆసు నృత్యం, ఈ ఏడాది మిగతా పనులు

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలుసు కాబట్టి నేరుగా, ఆసు పోసే ఆడవాళ్ళ మీద మన పిల్లలు చేసిన ఆసు నృత్యం సంగతికి వస్తున్నాను. ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది ముందుగా అదే.

ఆసు పోయడం, అంటే చీర నేతకు ముందు నూలును సిద్ధం చేయడం, మీలో చాలామంది ఇళ్ళల్లో చూసిన పనే. అర్ధచంద్రాకారంలో నిలిపిన మేకుల చుట్టూ నూలు పోగును అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేసిన సంగతి, 2017లో పద్మశ్రీ అందుకున్న సంగతి అందరికీ తెలుసు. మన బృందంలోని ఒక అమ్మాయి మాత్రం వేరే మాట అన్నది. "యంత్రం వచ్చింది సరే, మా అమ్మమ్మ ఇప్పటికీ కుడిచెయ్యి ఎత్తి జడ వేసుకోలేదు." నృత్యం అక్కడే మొదలైంది.

మొదటి భాగమంతా కుడిచేతి కదలికే. నాలుగు రోజుల సాధనకే పిల్లల భుజాలు పట్టేశాయి. ఒకరోజు ఆ అమ్మాయి ఎడమచేత్తో తన కుడిభుజం పట్టుకుని అలాగే ఆసు పోస్తూ ఉండిపోయింది. అది ఎవరూ నేర్పింది కాదు, నొప్పికి దానంతట అదే వచ్చింది. ఆ భంగిమను అలాగే ఉంచేశాం. చూసినవాళ్ళందరికీ గుర్తుండిపోయింది అదే.

కథ నడిపే పద్ధతి చేర్యాల పటం నుంచి, అంటే కథను బొమ్మలుగా గీసిన పొడవాటి గుడ్డ చుట్ట నుంచి తీసుకున్నాం. 2016 దాకా మన వరంగల్ జిల్లాలోనే ఉన్న ఊరు చేర్యాల. పటం చూపిస్తూ కథ చెప్పే కూనపులి వాళ్ళు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేటప్పుడు పటం ఒక్కో బొమ్మా కనబడేలా విప్పుతూ పోతారు, చెప్పేసిన బొమ్మ చుట్టలోకి వెళ్ళిపోతుంది. మనమూ వేదిక మీద ఎర్రటి గుడ్డ విప్పుతూ ఒక్కో ఘట్టం చూపించాం. పెళ్ళి, మొదటి మగ్గం, కొడుకు సూరత్ మరమగ్గాలకు వెళ్ళిపోవడం. గుడ్డ చుట్టుకుపోతుంటే కొడుకు కనుమరుగవుతాడు, తల్లి చెయ్యి మాత్రం ఆగదు.

ఇది కూచిపూడీ కాదు, పేరిణీ కాదు, మన సంస్కృతి ఎట్లా అవుతుందని కొందరు పెద్దలు అడిగారు. వారి మీద గౌరవంతోనే జవాబు చెబుతున్నాను. కాకతీయ గణపతిదేవుడి దగ్గర గజసేనాధిపతి అయిన జాయప సేనాని 13వ శతాబ్దంలో నృత్త రత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథం రాస్తూ, ఎనిమిది అధ్యాయాల్లో చివరి నాలుగూ దేశి నృత్యానికే ఇచ్చాడు. తన కాలంలో జనం ఆడుతున్నది ఆయనకు రాయదగినదిగా కనిపించింది. మన ఇళ్ళల్లో జరుగుతున్నది మనకు ఆడదగినదిగా కనిపించింది.

ప్రదర్శన అయ్యాక ముందు వరసలోంచి ఒక ముసలమ్మ లేచి వచ్చి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, "గట్ల కాదు బిడ్డా, పోగు జారిపోతది" అని వేళ్ళు ఎట్లా పెట్టాలో చూపించింది. అప్పటి నుంచి అట్లాగే చేస్తున్నాం. ఏ శాలువా కన్నా నాకు అదే పెద్ద సన్మానం.

ఇక మనసులో ఉన్నది చెప్పకపోతే ఈ నివేదిక నిజాయితీగా ఉండదు. హాలు అనుమతి కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. వస్తానని మాటిచ్చిన అధికారి కోసం ముప్పావు గంట ఆగాం, ఆయన రాలేదు, ఫోనూ ఎత్తలేదు. అంతకన్నా బాధ మనవాళ్ళ గురించి. వాట్సాప్ గ్రూపులో పేర్లిచ్చిన వలంటీర్లలో ఆ రోజు వచ్చింది నలుగురే. వేదిక ఎక్కే ముందు కాళ్ళకు విశ్రాంతి ఇవ్వాల్సిన పిల్లలు కుర్చీలు వేశారు. ఎంత టెన్షన్ పడ్డారో దగ్గరుండి చూశాను. రాలేనివాళ్ళు ముందే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

మిగతా పనులు: పిల్లల్ని రామప్ప గుడికి తీసుకెళ్ళి మదనికల (అక్కడి స్త్రీ శిల్పాల) భంగిమలు గీయించాం. నర్తకి చంద్రలేఖ 1985లో చేసిన 'అంగిక' అనే నృత్యం గురించి, భరతనాట్యంతో పాటు కేరళ యుద్ధకళ కలరిపయట్టును ఆమె ఎట్లా వాడుకున్నారన్న దాని గురించి ఒక సాయంత్రం మాట్లాడుకున్నాం. వంటింటి పనుల మీద మొదలుపెట్టిన నృత్యం మాత్రం సగంలో ఆగింది.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. ఆడిట్ అయింది. లైట్ల అద్దె అనుకున్నదానికన్నా ఎక్కువైంది. చందా బాకీ ఉన్నవారు ఈరోజే కట్టేయండి.

సాధనకు తన మేడ మీది గది ఇచ్చిన సభ్యుడికి, పాత ఆసు ఇచ్చిన ఆలేరు కుటుంబానికి, ఎర్ర గుడ్డకు రంగు వేసిన కళాకారులకు, డప్పు సోదరులకు, పరీక్షల రోజుల్లోనూ పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకు, ఆ రోజు వచ్చిన నలుగురు వలంటీర్లకు, రాత్రి పొద్దుపోయాక అందరికీ పులిహోర కలిపి పెట్టిన అక్కలకు చేతులెత్తి నమస్కారం.

వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి వంటింటి నృత్యం సాధన మళ్ళీ మొదలవుతుంది. ప్రదర్శనకు తీసుకెళ్ళిన చీరలు రెండు ఇంకా తిరిగి రాలేదు. ఎవరి దగ్గరున్నా ఆ రోజు తెచ్చివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి