రాగి నగతో పాటు ఒక చీటీ కూడా ఇవ్వాలి

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో, రాలిన ఆకులతో, కాయలతో చేసే రాగి నగల గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఆ పనితనాన్ని మెచ్చుకోవడంలో నాకు పేచీ లేదు. అయితే వాటిని పూర్తిగా ప్రకృతి సహజమని రాయడం చూశాక, అలాంటి నగ ఒకటి కొని వాడినదానిగా నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

కిందటేడు మల్లేశ్వరంలో జరిగిన ఒక చేతిపనుల సంతలో రావి ఆకు పతకం కొన్నాను. వేలితో తడిమితే ఈనెలు తగిలేవి. పురుగు తొలిచిన చిన్న బెజ్జం కూడా చెక్కుచెదరకుండా ఉంది. ఆ బెజ్జం చూసే మనసు పడ్డానన్నా అబద్ధం కాదు. ఆకును అచ్చుగా పెట్టి రాగి పోశారనుకున్నాను. రెండు వారాలకు మెడ మీద పచ్చటి మరక పడింది, పతకం వెనక చిలుము పట్టింది. మా అత్తగారు దేవుడి దగ్గరి రాగి చెంబును తోమినట్టే దాన్నీ చింతపండుతో తోమారు. నిగనిగలాడింది గాని, పలుచటి అంచు దగ్గర రాగి లేచిపోయి లోపలి ఎండుటాకు బయటపడింది.

విచారిస్తే తెలిసిందేమిటంటే, రాగి 1,085 డిగ్రీల వేడికి గాని కరగదు కనుక ఆకు మీద దాన్ని పోయడం కుదిరే పని కాదు. ఎండిన ఆకుకు వార్నిషు పట్టించి, విద్యుత్తు ప్రవహించేందుకు గ్రాఫైటు కలిపిన రంగు పూసి, కొద్దిగా గంధకామ్లం చేర్చిన మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లలో రుణధ్రువానికి వేలాడదీస్తారు. ధనధ్రువానికి కట్టిన రాగి రేకు కొద్దికొద్దిగా కరుగుతూ వచ్చి ఆకు మీద పేరుకుంటుంది. తొందరపడి విద్యుత్తు పెంచితే రాగి గరుకుగా, పొడిపొడిగా పడుతుంది కాబట్టి, మంచి పనివాళ్లు ఒక్క నగ కోసం గంటల తరబడి, ఒక్కోసారి రోజంతా కాచుకుంటారు. ఇంత ఓపిక దాచుకోవలసిన విషయమా? నన్నడిగితే అసలు ఈ కథ చెప్పే అమ్ముకోవాలి.

మైలుతుత్తం మన ద్రాక్షతోటల వాళ్లకు కొత్త కాదు, తెగుళ్లకు చల్లే బోర్డో మిశ్రమంలో వాడేదే. కానీ అది చేపలకు విషం. వాడేసిన ద్రావణాన్ని ఇంటి మురుగుకాలువలో పోస్తే చివరికి ఏ చెరువుకు చేరుతుందో బెంగళూరు వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం అదే దుకాణంలో రాగి తీగకు గుచ్చి పెట్టిన గురివింద గింజల గొలుసు. పూర్వం కంసాలులు బంగారం తూచిన గింజే అయినా, అందులో అబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంది. గట్టి పెంకు ఉన్నంతవరకు ఫరవాలేదు గాని, గుచ్చడానికి బెజ్జం వేస్తే ఆ కాపు పోతుంది. పసిపిల్లలు నోట్లో పెట్టుకుని నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. 2011లో బ్రిటన్‌లో ఇలాంటి గింజల కంకణాలను అమ్మినవాళ్లే వెనక్కి పిలిపించారు. గురివింద తన నలుపెరుగదంటారు. ఇక్కడ దాని విషం అమ్మేవాళ్లకే తెలియదు.

రాగి కడియంతో కీళ్లనొప్పులు తగ్గుతాయన్న మాటా మీ వ్యాసంలో ఉంది. యార్క్ విశ్వవిద్యాలయం వారు 70 మంది కీళ్లవాత రోగులతో జరిపి 2013లో ప్రచురించిన పరిశీలనలో అలాంటి ప్రయోజనమేమీ కనిపించలేదు.

బంగారు నగలకు 2021 జూన్ నుంచి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి చేశారు. రాగికి ముద్ర వేయమని నేననను, చిన్న పనివాళ్లకు అది మోయలేని ఖర్చు. నగతో పాటు చేతిరాతతోనైనా ఒక చీటీ ఇస్తే చాలు: లోపల ఉన్నది ఏ ఆకు, ఏ గింజ; పైన లక్క పూత ఉందా లేదా; చెమట తగిలితే పచ్చబడుతుందని, ఆ మరక సబ్బుతో పోతుందని; చింతపండుతో తోమకూడదని. ఈ సంతలు నిర్వహించేవాళ్లు దుకాణానికి చోటు ఇచ్చేముందే ఈ షరతు పెట్టవచ్చు. మీ అనుబంధంలోనూ వచ్చే వారం గురివింద సంగతి నాలుగు వాక్యాల్లోనైనా వేయవలసిందిగా కోరుతున్నాను.

నా పతకం అంచుకు రంగులేని గోళ్లపాలిష్ పూసి ఇప్పటికీ వేసుకుంటున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు