మిట్టమధ్యాహ్నం కరెంటు తీయకండి

సంపాదకుల వారికి,

వేసవి ముదిరినప్పుడల్లా ప్రభుత్వం చెప్పే జాగ్రత్తలలో ఒకటి తప్పకుండా ఉంటుంది: మధ్యాహ్నం వేళ బయటికి రావద్దు, ఇంటిపట్టునే ఉండండి అని. ఎండలో తిరగక తప్పని వారికి అది ప్రాణాలు నిలిపే మాటే. 2015 వేసవిలో మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు చనిపోయిన సంగతి ఎవరూ మరచిపోలేదు. ఉపాధి హామీ పనుల వేళలు మారడం, ఒంటిపూట బడులు, చలివేంద్రాలు అన్నీ అవసరమైనవే. అయితే ఇల్లే పనిచోటైన మావంటి వారి ఊసు ఆ జాగ్రత్తలలో గానీ, ఆపైన తీసుకునే చర్యలలో గానీ కనబడదు. ఇంట్లో ఉన్నవారు నీడపట్టున ఉన్నట్టేనని, వారికి ఎండతో పేచీ లేదని అధికారులు అనుకుంటున్నట్టున్నారు.

నేను విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో ఉంటూ ట్రాన్స్‌క్రిప్షన్ పని చేస్తాను. డాక్టర్లు రికార్డు చేసిన కేసు వివరాలు, పరిశోధకుల ఇంటర్వ్యూలు, కంపెనీల సమావేశాలు ఆడియో ఫైళ్లుగా వస్తాయి. వాటిని విని, పొల్లుపోకుండా టైపు చేసి, చెప్పిన గడువులోగా పంపాలి. నెల జీతం లేదు, ఆడియో నిమిషానికి ఇంత అని లెక్క. శుభ్రంగా రికార్డయిన గంట ఆడియోకు చేయి తిరిగినవారికే సుమారు నాలుగు గంటలు పడుతుంది. నలుగురూ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడిన సమావేశమైతే ఎంత పడుతుందో చెప్పలేము. గడువు తప్పితే డబ్బులో కోత పడుతుంది, పదే పదే తప్పితే ఫైళ్లే రావు. చిన్నపిల్లలున్న తల్లులు, మంచాన పడ్డ పెద్దవారిని కనిపెట్టుకుని ఉండవలసిన వారు, గడప దాటి ఉద్యోగం చేయలేని వారు ఈ నగరంలో ఇలాంటి పనులతోనే ఇల్లు నెట్టుకొస్తున్నారు.

కుర్చీలో కూర్చుని చేసే పనికి ఎండ అడ్డమేమిటని అడిగేవారు ఉంటారు. మా ప్రాంతంలో 2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత కింది వాటాలో ఉండాలంటేనే చాలామందికి గుండె దడ. నీళ్లకు భయపడి మేడ ఎక్కినవాళ్లం ఎండకు చిక్కాము. పగలంతా కాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా వేడిని గదిలోకి దించుతూనే ఉంటుంది కనుక, పని రాత్రికి వాయిదా వేసుకున్నా తెరిపి లేదు. కృష్ణ ఒడ్డు ఊరు, సముద్రమూ ఎంతో దూరం కాదు; గాలిలో తేమ పెరిగిన రోజున కూలరు చల్లదనం కంటే ఉక్కపోతనే ఎక్కువ ఇస్తుంది. చెవులు పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ గంట తిరగకముందే చెమటకు తడిసి జారిపోతుంటాయి, మెత్తల కింద జేబురుమాలు మడిచి పెట్టుకుంటాము. ఫ్యాను హోరులో మాట వినబడక శబ్దం పెంచుతాము. వారానికి నలభై గంటలు వినేవారు 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. మా వారం అంతకన్నా పెద్దది. డాక్టరు మందు మోతాదు ఫిఫ్టీన్ అన్నారో, ఫిఫ్టీ అన్నారో తేల్చుకోవడానికి అదే ముక్కను వెనక్కి తిప్పి తిప్పి వినవలసి వస్తుంది. అక్కడ పొరపాటు జరిగితే అది నా గడువుతో పోయేది కాదు, ఎవరో రోగి కాగితంలోకి ఎక్కుతుంది. పైగా చాలా ల్యాప్‌టాప్‌లను 35 డిగ్రీల లోపు వాడమని తయారీదారులే చెబుతారు. రోహిణి కార్తెలో మా పైఅంతస్తు గదిలో అంత చల్లదనం ఏ వేళకు వస్తుంది?

ఏసీ పెట్టుకోవచ్చు కదా అంటే, పెట్టుకున్నవారూ ఉన్నారు. కరెంటు బిల్లు శ్లాబుల లెక్కలో నెలకు 225 యూనిట్లు దాటిన దగ్గర నుంచి గృహ వినియోగదారుడికి యూనిట్ 8.75 రూపాయలు, 400 దాటితే 9.75, వీటి మీద సర్దుబాటు చార్జీలు వేరు. ఆఫీసులో అయితే ఆ బిల్లు యజమాని కట్టుకుంటాడు, ఇక్కడ సంపాదన లోంచే పోతుంది. దానికీ సిద్ధపడి ఏసీ కొన్నవారికైనా కరెంటు ఉంటేనే కదా ఫలితం. నేను ఈ లేఖ రాస్తున్నది ముఖ్యంగా దాని గురించే.

వానాకాలానికి ముందు చెట్ల కొమ్మలు కొట్టాలి, తీగలు బిగించాలి, ట్రాన్స్‌ఫార్మర్లు చూసుకోవాలి. దీన్ని ఎవరూ కాదనరు. ఆ పని కోసం ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో సరఫరా ఆపి పనిచేసే అనుమతి) తీసుకుని లైను ఆపే వేళ మాత్రం మా వీధిలో తరచు మిట్టమధ్యాహ్నమే అవుతోంది. ముందుగా చెప్పిన వేళ ఒకటి, కరెంటు వచ్చే వేళ మరొకటి. ఇన్వర్టరు మీద ఒక ఫ్యాను, ఒక లైటు, నెట్ రౌటరు నడుస్తాయి, ఏసీ నడవదు. కోత సాయంత్రం దాకా సాగితే బ్యాటరీ చేతులెత్తేస్తుంది, ఇన్వర్టరు కుయ్యి కుయ్యిమని మొదలుపెడుతుంది, సగం టైపు చేసిన ఫైలు అక్కడికక్కడే నిలిచిపోతుంది. అవతల పని ఇచ్చినవారికి విజయవాడ ఎండ సంగతి తెలియదు, తెలిసినా గడువు జరపరు.

కేంద్రం 2020లో తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు వినియోగదారులకు ఇరవై నాలుగు గంటలూ సరఫరా ఇవ్వాలని చెబుతున్నాయి. అది అక్షరాలా రేపే అమలు కావాలని నేను అడగడం లేదు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వడగాడ్పులు, తీవ్ర వడగాడ్పులు వీచే మండలాల పేర్లను ముందు రోజే ప్రకటిస్తోంది. ఆ జాబితాలో ఉన్న మండలాల్లో, మర్నాడు పదకొండు నుంచి సాయంత్రం నాలుగు వరకు మరమ్మతుల పేరుతో ఏ ఫీడరూ (వీధులకు కరెంటు తెచ్చే ప్రధాన లైను) ఆపకూడదని విద్యుత్ పంపిణీ సంస్థ నియమం పెట్టుకుంటే చాలు. తెగిన తీగ, కాలిన ట్రాన్స్‌ఫార్మర్ వంటివి ఎప్పుడైనా సరిచేయవలసిందే. నేననేది వాయిదాకు లొంగే పనుల గురించి. వాటిని తెల్లవారుజామున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా ముగించవచ్చు. కాలిపోయే ఇనుప స్తంభం ఎక్కే లైన్‌మ్యాన్‌కూ ఇది మేలు. ఆయన కూడా ఎండన పడి పనిచేసేవాడే, పైగా ఆయన పనిలో కాలు జారితే ప్రాణం మీదికే వస్తుంది.

2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి ఇంటి నుంచి పనిని, ముఖ్యంగా మహిళల కోసం, పెద్ద ఎత్తున ప్రోత్సహిస్తామని ప్రకటించారు. మంచిదే. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి కూడా ఇంటి నుంచి వస్తువులు తయారుచేసేవారినే కాక సేవలందించేవారిని సైతం గృహ ఆధారిత కార్మికులుగా నిర్వచించింది. మాటల్లో ఇంత గుర్తింపు ఉన్నప్పుడు వేసవి కార్యాచరణ ప్రణాళికలో ఇల్లు కూడా పనిచోటేనన్న ఒక వాక్యం చేరడానికి అడ్డేమిటో అర్థం కాదు.

ఇంట్లో ఉండలేని వేళకు మరో దారి కూడా ఉంది. 1914లో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన ఊరు ఇది. నేటికీ ఆస్తిపన్నులో ప్రతి రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాము. అయినా చాలా శాఖా గ్రంథాలయాలు సరిగ్గా మధ్యాహ్నం పూటే తాళం వేసుకుని ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో వాటిని ఆ వేళలో తెరిచి, ఒక చల్లని గది, నాలుగు ప్లగ్గులు, తాగునీరు ఏర్పాటు చేస్తే పోటీ పరీక్షలకు చదివే పిల్లలకూ, ల్యాప్‌టాప్ మీద బతికేవారికీ ఆసరా అవుతుంది. రోగుల వివరాలుండే ఫైళ్లను నలుగురిలో తెరవకూడదన్న షరతు ఉంటుంది గనుక మాలో కొందరికి ఇది పనికిరాదు; వారికి ఇంట్లో కరెంటు ఉండటం ఒక్కటే మార్గం. ఈ వేసవికి ఫీడర్ల వారీగా మరమ్మతుల వేళాపట్టిక ఇంకా ఖరారు కాకపోతే, ఖరారు చేసే ముందు విద్యుత్ అధికారులు విపత్తుల సంస్థ జాబితాను పక్కన పెట్టుకుని చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ